ఎప్పుడు అని అడిగే మనిషి

ఈ పొద్దున మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ తగాదాకూ లిఫ్టు మరమ్మతు తగాదాకూ మధ్యన ఒక చావు కబురు వచ్చింది. మూడేళ్లు మా పై అంతస్తులో కాపురం ఉండి, కిందటేడు వాళ్ల దేశం వెళ్లిపోయిన పొడుగాయన పోయాడట. గుండెపోటు. ఆయన భార్య మా సెక్రటరీ గారికి మెయిల్ పెడితే ఆయన గ్రూపులో వేశారు. కాసేపట్లో దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. ట్యాంకర్ గురించి పోట్లాడుకుంటున్నవాళ్లు కూడా ఆగి, తలా ఒక దండం పెట్టి, మళ్లీ ట్యాంకర్ దగ్గరికి వెళ్లిపోయారు. బీ బ్లాకులో ఒకాయన మాత్రం ఇంకాస్త శ్రద్ధ తీసుకుని రాశాడు: "చాలా మంచి మనిషి. ఎప్పుడైనా ఆ దేశం వైపు వెళ్లడం జరిగితే తప్పకుండా వాళ్లింటికి వెళ్లి మేడం గారిని పలకరించి వస్తాం."

అది చదివి నాకు తల కొట్టేసినట్టయింది. పొడుగాయనే ఉండి ఆ మాట విని ఉంటే, జేబులోంచి ఫోను తీసి, క్యాలెండర్ తెరిచి, ఎదుటివాళ్ల ఎత్తుకు కాస్త వంగి, మర్యాదగా ఒక్క మాట అడిగేవాడు.

"ఎప్పుడు?"

ఆయన అందరికన్నా ముందు నేర్చుకున్న తెలుగు మాట అదే. నేర్చుకోవలసిన అవసరం మేమే కల్పించాం.

ఆయనకు పేరు లేక కాదు. ఆ పేరు పలకబోతే మా నాలుకలు మడత పడేవి. మా అమ్మ మొదటి రోజు ఆయన్ని చూసి "దొర" అంది. మాది జనగామ దిక్కు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. "దొర ఏందమ్మా, ఆ దినాలు ఎప్పుడో పోయినయ్" అని కసిరాను. "మరేమనాల్రా? గంత పొడుగుండె. పొడుగాయన అంటా తీ" అంది. అదే ఖాయమైపోయింది. వాచ్‌మన్ దగ్గర్నుంచి సెక్రటరీ గారి దాకా అందరికీ ఆయన పొడుగాయనే. కొన్నాళ్లకు తనే తలుపు తట్టి "అమ్మా, పొడుగాయన" అని చెప్పుకునేవాడు.

ఆయనది ఫిన్లాండ్. ఉద్యోగం ఆయన భార్యది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో వాళ్ల కంపెనీ ఆఫీసు పెడుతుంటే నిలబెట్టడానికి ఆవిడ వచ్చింది, ఆవిడతో ఈయన వచ్చాడు. అక్కడ బడిపిల్లలకు వడ్రంగం నేర్పేవాడట. ఇక్కడ కూరగాయలు తెచ్చేవాడు, వంట చేసేవాడు, ముందు గదిలో కూర్చుని చెక్క చెంచాలు చెక్కేవాడు. "సార్ ఏం చేస్తుంటారు?" అని మా మగవాళ్లు అడిగితే "వంట" అనేవాడు. "అది కాదు సార్, పని?" "వంట." అడిగినవాళ్లు జాలిగా నవ్వి ఊరుకునేవాళ్లు. మా ఆవిడ మాత్రం జాలి పడలేదు. భీమవరం మనిషి, మాట దాచుకోదు. "అదృష్టవంతురాలండీ ఆవిడ" అని నా వైపు చూసి, నేను ఫోన్లో తల దూర్చేదాకా చూపు తిప్పుకోలేదు.

మన ఊళ్లో ఆయనకు ప్రతిదీ వింతే. కొండాపూర్ రోడ్డు దాటడానికి బండ్లు ఆగుతాయేమోనని నిలబడి నిలబడి, చివరికి ఒక పూలమ్మే ముసలామె చెయ్యి పట్టుకుని దాటాడు. అప్పటినుంచి రోడ్డు దాటాలంటే పక్కన ఎవరైనా ముసలామె ఉందా అని చూసుకునేవాడు. పొద్దున్నే అన్ని ఫ్లాట్లలో కుక్కర్లు కూస్తుంటే బాల్కనీలోకి వచ్చి వినేవాడు. ఖాజాగూడ గుట్టలకు దారి అడిగితే ముగ్గురు మూడు వైపులు చూపించారట. "తెలియదు అనే మాట మీ భాషలో లేదా?" అని నన్ను అడిగాడు. "ఉంది. కానీ దారి అడిగినవాణ్ణి ఉత్త చేతులతో పంపడం బాగుండదు" అన్నాను. ఆయనకు అది తెగ నచ్చింది. ఆ సాయంత్రం లిఫ్టులో భార్యకు నా ముందే ఆ మాట అప్పజెప్పి, ఇద్దరూ నవ్వుకున్నారు. నాకూ గర్వంగానే ఉండింది. మన గుణాల్లో కొన్నింటికి బయటివాళ్ల ముందు భలే మెరుపు వస్తుంది.

"భోజనం అయిందా?" అన్నదానికి మన దగ్గర జవాబు అక్కర్లేదు. ఆయన చెప్పేవాడు. "అయింది. ఉడకబెట్టిన బంగాళాదుంపలు. చేప. చేప మీద కొంచెం వెన్న. కానీ చేప నిన్నటిది." లిఫ్టు ఐదో అంతస్తు చేరేదాకా సాగేది. తర్వాత "మీరేం తిన్నారు?" అని అడిగి, తలుపు తెరుచుకున్నా కదలకుండా వినేవాడు. "నేనేం తిన్నానో మా డాక్టరు కూడా ఇంత శ్రద్ధగా వినడండీ" అని సెక్రటరీ గారు వాపోయారు. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దమనిషి, ఎవర్నీ నొప్పించని మనిషి.

అసలు తంటా ఆ ప్రశ్న తర్వాత వచ్చే మాటతో. భోజనం అయిందా అన్న నోటితోనే మనం "ఓసారి మా ఇంటికి భోజనానికి రావాలి మీరు" అంటాం. ఆయన వెంటనే ఫోను తీసి "ఎప్పుడు?" అనేవాడు. అన్నవాళ్లకు చెమటలు పట్టేవి. వాళ్ల దేశంలో రమ్మన్నారంటే రోజు, గంట చెప్పి రమ్మన్నట్టే. రోజు చెప్పలేదంటే చెప్పడం మర్చిపోయారని ఆయన అనుకునేవాడు. అందుకని గుర్తు చేసేవాడు.

మా ఆవిడ కూడా అంది, వాళ్లు వచ్చిన వారంలోనే. ఆయన "ఎప్పుడు?" అనగానే ఆవిడ నా వైపు తిరిగింది. నేను "చూసి చెప్తాం" అన్నాను. మూడు వారాల తర్వాత మెట్ల మీద ఎదురై, "చూశారా?" అని అడిగాడు. ఏం చూడాలో నాకు ఒక్క క్షణం తట్టలేదు.

ఎందుకు పిలవలేదు అంటే, సిగ్గు. వేరే ఏం లేదు. మా భోజనాల బల్ల మీద భోజనం చేసి ఎన్నాళ్లయిందో. దాని మీద అమ్మ బీపీ మాత్రలు, ఆవకాయ జాడీ, లాప్‌టాప్ సంచులు, ఇస్త్రీ నుంచి వచ్చిన బట్టలు. మేము కంచాలు పట్టుకుని టీవీ ముందు కూర్చుంటాం. సోఫా కవర్లు ఒకచోట చిరిగి, చిరుగు మీద ఒక దిండు ఎప్పుడూ కూర్చుని ఉంటుంది. "సోఫా కవర్లు మార్చాక పిలుద్దామండీ, పరువు పోతుంది" అంది మా ఆవిడ. తర్వాత కార్తీకమాసం, మాంసం వండకూడదు. తర్వాత నాకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు, ఆవిడకు ఆడిటు. తర్వాత మా నాన్న ఆబ్దికం. పిలవకూడదని ఎవరూ అనుకోలేదు. పిలవడానికి తగినట్టు మేం లేమనుకున్నాం, అంతే. మా బిల్డింగులో అందరి కథా ఇంచుమించు అదేనని నా నమ్మకం.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఆయన రాకముందు నేను ఆఫీసు పని మీద ఎనిమిది నెలలు డెన్మార్క్‌లో ఉన్నాను. అక్కడివాళ్లు మనుషులు కాదు, ఫ్రిజ్‌లో పెట్టిన బొమ్మలు అని ఫోన్లో అమ్మకు చెప్పేవాణ్ణి. "ఒక్కడన్నా ఇంటికి రమ్మనడమ్మా" అని. చివరికి ఒకాయన పిలిచాడు: ఫలానా శనివారం, సాయంత్రం ఆరింటికి. నేను వెళ్లేసరికి ఆయన, భార్య, ఇద్దరు పిల్లలు, కుక్కతో సహా గుమ్మంలో నిలబడి ఉన్నారు. నాకు కారం కావాలేమోనని ఒక సీసా మిర్చి సాస్ కొని తెచ్చి పెట్టారు. ఆ దేశంలో నన్ను పిలిచింది ఒక్కరే. అన్నం పెట్టింది కూడా వాళ్లే. నా దేశంలో పొడుగాయనను అందరూ పిలిచారు.

మా అమ్మ మాత్రం డబ్బా పంపేది. పచ్చిపులుసు, సర్వపిండి, పండగైతే బూరెలు. మొదటిసారి ఆయన డబ్బా తళతళా తోమి, ఖాళీగా తెచ్చి ఇచ్చాడు. అమ్మ మొహం చిన్నబోయింది. "గిట్ల ఖాళీ డబ్బ ఇయ్యద్దు బిడ్డా. గింత చక్కెరన్న ఏసియ్యాలె" అని నేర్పింది. మర్నాటి నుంచి డబ్బాలో నల్ల రొట్టె, ఉప్పు చేప, ఏదో పుల్లటి పళ్ల జామ్ వచ్చేవి. "మరి ఈ డబ్బా ఎప్పుడు ఆగుతుంది?" అని అడిగాడు నన్ను, నిజంగా తెలుసుకుందామని. ఆగదని చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, మంచి పద్ధతి అన్నాడు. అలా మా వంట ఆయన తిన్నాడు, ఆయన వంట మేం తిన్నాం. మా గడప మాత్రం ఆయన దాటలేదు. తలుపు దగ్గరే డబ్బా చేతులు మారేది. అమ్మ "లోపలికి రా బిడ్డా" అంటే, లోపల నేను సోఫా మీది దిండు సర్దుతూ ఉండేవాణ్ణి. ఆయన అది చూసి "ఇంకోసారి" అనేవాడు.

రెండో ఏడు వేసవిలో డాబా మీద రంపం చప్పుడు మొదలైంది. వారాల తరబడి. గ్రూపులో ఫిర్యాదులు వచ్చాయి. టింబర్ డిపో నుంచి చెక్క తెప్పించి, ఆయన ఒక బల్ల చేస్తున్నాడు. మా లిఫ్టులో పట్టదు. నలుగురు మెట్ల మీంచి మోసి దించారు. పెళ్లిలో బంతి వేస్తే ఎంతమంది పడతారో అంతమంది పట్టే బల్ల. వాళ్ల దేశంలో జూన్ నెలలో పొద్దు గూకని రోజుల పండగ ఒకటుందట. దానికి ఇంటింటికీ భార్యాభర్తలిద్దరూ వచ్చి పిలిచారు. "శనివారం. సాయంత్రం ఏడు గంటలు. వస్తారా?" అని, జవాబు విని, ఫోన్లో రాసుకుని, పక్క తలుపు దగ్గరికి వెళ్లారు. పిలుపు అందుకున్నవాళ్లందరం ఒకే మాట అన్నాం. "తప్పకుండా."

ఆ శనివారం వాన పడింది. పెద్ద వానేం కాదు. ఏడింటికి మా ఆవిడ పెరుగన్నం కలిపింది. "ఆ తిండి ఎలా ఉంటుందో ఏంటోనండీ, కాస్త తినేసి వెళ్దాం" అంది. అమ్మ ఒక్కతే "పిలిచినోళ్ల ఇంటికి కడుపు నింపుకొని పోతరా?" అని తినకుండా, పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఏడున్నరకు లేస్తే నేను "ముందే వెళ్లి ఏం చేస్తాం, ఎవరూ వచ్చి ఉండరు" అన్నాను. మేం మెట్లెక్కేసరికి ఎనిమిదిన్నర దాటింది.

తలుపు తెరిచే ఉంది. బల్ల ఈ చివర ఆయన, ఆ చివర ఆయన భార్య కూర్చుని ఉన్నారు. మధ్యలో అన్ని కంచాలూ ఖాళీ. గిన్నెల మీద మూతలు. నేను గుమ్మంలో నిలబడిపోయాను. ఆయన లేచి, రెండు చేతులూ చాచి, ఎంతో సంతోషంగా "మీరే మొదటివాళ్లు" అన్నాడు.

ప్రతి కంచం ముందు ఒక చిన్న చెక్క ముక్క. దాని మీద పేరు, తెలుగులో. కింద గేటు దగ్గర పేర్ల బోర్డు చూసి గీసుకున్నాడట. అక్షరాలు బడిపిల్లల రాతలా ఎగుడుదిగుడుగా ఉన్నాయి. నా పేరుంది, మా ఆవిడ పేరుంది. సెక్రటరీ గారిదుంది, బీ బ్లాకు వాళ్లవన్నీ ఉన్నాయి. అమ్మ పేరు బోర్డు మీద లేదు కదా, ఆవిడ కంచం ముందు "అమ్మ" అని ఉంది. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టలేదు.

మేం ముగ్గురం మా మా పేర్ల ముందు కూర్చున్నాం. వాటి మధ్య దూరం ఎక్కువ. అయినా పేర్లు మార్చి దగ్గరగా కూర్చుందామని ఎవరం అనలేకపోయాం. లిఫ్టు చప్పుడైనప్పుడల్లా ఆయన సగం లేచేవాడు. లిఫ్టు కింది అంతస్తులో ఆగేది. మళ్లీ కూర్చునేవాడు. మా ఆవిడ ఇంట్లో తినొచ్చిన పెరుగన్నం మీద చేప ముక్క వేసుకుని కళ్లనీళ్లు తిరిగేలా మింగింది. అమ్మ అన్నీ రెండోసారి వేయించుకుంది. "ఉప్పు తక్కువైంది గని, మంచిగున్నది బిడ్డా" అంది. ఆ ఇంట్లో ఆ పూట నిజం మాట్లాడింది ఆవిడ ఒక్కతే.

ఇంకెవరూ రాలేదు. మర్నాడు పొద్దున్నే ఆయన ఆ వంటలన్నీ డబ్బాల్లో సర్ది ఇంటింటికీ తిరిగాడు. వెటకారానికి కాదు, ఆయనకు ఆ విద్య రాదు. తలుపులు తీసినవాళ్లు వాన అన్నారు, తలనొప్పి అన్నారు, చుట్టాలు అన్నారు. బీ బ్లాకు నుంచి మా ఏ బ్లాకుకు రావడానికి వాన అడ్డమొచ్చింది. డబ్బాలు మాత్రం ఎవరూ ఖాళీగా తిరిగివ్వలేదు. ఆ మర్యాదలో మాకు వంక పెట్టడానికి లేదు.

తర్వాతి ఆదివారం నన్ను ఖాజాగూడ గుట్టలకు తీసుకెళ్లాడు. బండ మీద కూర్చుని చెరువు వైపు చూస్తూ అడిగాడు.

"ఒక విషయం చెప్పండి. వస్తాం అన్నప్పుడే వాళ్లకు తెలుసా, రామని?"

నేను మొదలుపెట్టాను. మా దగ్గర మొహం మీద రాను అనడం తప్పు అన్నాను. పిలిచినవాళ్ల మనసు నొచ్చుకుంటుంది. వస్తాం అంటే, మీరు పిలిచారు, మాకు సంతోషం అని అర్థం.

"మరి ఎవరు వస్తారో పిలిచినవాళ్లకు ఎలా తెలుస్తుంది?"

"తెలిసిపోతుంది. రెండు రోజుల ముందు మళ్లీ ఫోన్ చేస్తారు. వంటవాళ్లకు సగం మందికే చెప్తారు."

"నేను అందరికీ వండాను" అన్నాడు. "కోపం లేదు. తెలియలేదు, అంతే. బల్ల పొడుగైంది" అన్నాడు.

నేను చెప్పినదంతా ఆయన బుర్రలో భద్రంగా పెట్టుకున్నాడు. అది నాకు తర్వాత తెలిసింది. మెల్లగా "ఎప్పుడు?" అనడం మానేశాడు. ఎవరైనా ఇంటికి రమ్మంటే ఫోను తీయకుండా, తల అటూ ఇటూ ఊపి, "తప్పకుండా" అనేవాడు. ఆ ఊపడం మొదట్లో మెడ పట్టేసినవాడిలా ఉండేది, పోనుపోను కుదిరింది. "చూద్దాం", "ఐదు నిమిషాలు", "దాందేముంది" అన్నీ వచ్చేశాయి. అమ్మ దగ్గర "ఫికర్ చెయ్యకు" నేర్చుకుని ఆటోవాళ్ల మీద వాడేవాడు. "మన మనిషైపోయాడండీ" అని సెక్రటరీ గారు మురిసిపోయారు. అందరం మురిసిపోయాం. ఆ అడిగే బాధ తప్పింది కదా.

వాళ్లు వెళ్లిపోయే ముందు మేం సోఫా కవర్లు మార్చాం. బల్ల మీది సామానంతా మంచం కిందికి తోశాం. అమ్మ పట్టుబట్టింది. "పోయేటోడు. ఒక్క పూటన్న మన ఇంట్ల కూసోని తిని పోవాలె." నేను, అమ్మ పైకి వెళ్లి పిలిచాం. నేను రోజు చెప్పాను, గంట చెప్పాను: ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంట. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "వస్తవా బిడ్డా?"

"తప్పకుండా వస్తా అమ్మా" అన్నాడు, తలూపి. ఎంత చక్కగా అన్నాడంటే, మా ఊరివాడు అన్నట్టే ఉంది.

ఫోను తీయలేదు. నేనది చూశాను. గుర్తుంటుందిలే అనుకున్నాను.

ఆదివారం అమ్మ తెల్లారకముందే లేచి నాటుకోడి వండింది, జొన్నరొట్టెలు చేసింది. మా ఆవిడ గుత్తివంకాయ, పులిహోర చేసింది. అమ్మ ఆ "అమ్మ" అని రాసిన చెక్క ముక్క తెచ్చి తన కంచం ముందు పెట్టుకుంది. ఆయనకు ఒక అలవాటుంది: అపార్ట్‌మెంటు మీటింగుకు పిలిచినా కొంచెం ముందే వచ్చి, మెట్ల మీద నిలబడి, సరిగ్గా గంటకు తలుపు తడతాడు. ఒంటిగంటకు నేను తలుపు తీసి చూశాను. మెట్ల మీద ఎవరూ లేరు. రెండింటికి పైకి వెళ్లాను, తాళం. కిందికి ఫోన్ చేస్తే వాచ్‌మన్ చెప్పాడు, "సారు, మేడం పొద్దుగాల్నే పోయిన్రు సార్, గుట్టల దిక్కు. ఆఖరిసారి చూసొస్తమన్నరు."

సాయంత్రం లిఫ్టు దగ్గర ఎదురయ్యాడు. బూట్ల నిండా దుమ్ము. నన్ను చూసి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, తెలుగులో అన్నాడు. "ఏమనుకోకండి. కొంచెం పని పడింది."

అని నా మొహంలోకి చూశాడు. పాఠం అప్పజెప్పిన పిల్లాడు పంతులు వైపు చూసినట్టు. తప్పు లేకుండా చెప్పానా అని. ఆయన కళ్లలో ఎగతాళి ఉంటుందేమోనని వెతికాను. లేదు. మేం మర్యాదకు పిలిచాం, తను మర్యాదకు వస్తానన్నాడు, ఎవరికీ ఇబ్బంది లేకుండా తప్పుకున్నాడు. మాకు శ్రమ తప్పించాననే అనుకున్నాడు.

నేనేమన్నాను? "పర్లేదండీ, దాందేముంది" అన్నాను.

అమ్మ కూరలన్నీ డబ్బాలో సర్ది పైకి పంపబోతే నేనే అడ్డుపడ్డాను. వండామని తెలిస్తే బాధపడతాడు, వద్దన్నాను. "వాడంతట వాడు మనోడు గాలేదురా," అంది అమ్మ, "మనం జేసినం." మర్నాడు వాళ్లు వెళ్లిపోయారు. మేం అన్నిసార్లు ఉత్తుత్తిగా పిలిచి, ఒక్కసారి నిజంగా పిలిచామని ఆయనకు తెలియదు. ఇక తెలియదు. ఈ పొద్దున ఆ కబురు చూసినప్పటినుంచి నన్ను కోస్తున్నది ఇదే.

ఆయన చేసిన బల్ల ఇప్పుడు గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో ఉంది. కొరియర్ పార్సిళ్లు పెడతారు. ఎన్ని పార్సిళ్లు వచ్చినా ఇంకా చోటుంటుంది.

మధ్యాహ్నం ఆయన భార్యకు ఇంగ్లీషులో రాద్దామని కూర్చున్నాను. నంబరు ఇంకా నా దగ్గరుంది. ఆయన గుట్టల గురించి, డబ్బాల గురించి, అమ్మ ఏడ్చిందని రాశాను. నాటుకోడి సంగతి రాయబోయి, ఇప్పుడెందుకులే అని ఆపేశాను. చివర ఏం రాయాలో తోచలేదు. వేళ్లకు అలవాటైన దారి ఉంటుంది కదా, అవే నడిచాయి. "మీరెప్పుడైనా హైదరాబాద్ వస్తే మా ఇంటికి తప్పకుండా భోజనానికి రండి." పంపించాక చదువుకున్నాను. ఇంత జరిగాక, ఈ రోజున, ఆవిడకు. చెరిపేద్దామని వేలు పెట్టేలోపు ఆవిడ చదివేసినట్టు నీలం గుర్తులు పడ్డాయి.

జవాబు వెంటనే వచ్చింది. ఆవిడకు తెలుగు రాదు. భర్త నోట వినీ వినీ ఉన్న ఆ ఒక్క మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది.

"ఎప్పుడు?"

కింద ఇంకో వాక్యం. ఆఫీసు పని ఒకటి మిగిలి ఉందట, ఈ చలికాలం రావలసి ఉందట.

"చూసి చెప్తాం" అని వేళ్లు అప్పుడే సగం రాసేశాయి. దాన్ని చెరిపి, లేచి, లోపలికి వెళ్లి మా ఆవిణ్ణి, అమ్మను పిలిచి, గోడ మీది క్యాలెండర్ దించి బల్ల మీద పెట్టాను. పెట్టడానికి ముందు బల్ల మీది బట్టలు తీయాల్సి వచ్చింది.

"ఏందిరా?" అంది అమ్మ.

"రోజు చెప్పాలి," అన్నాను. "నాటుకోడి సంగతి కూడా చెప్పాలి."